ఆటస్థలం లాక్కున్నది పెద్దలే

పిల్లలు గడప దాటడం లేదని, చేతిలో ఫోను ఉంటే వారికి లోకమే పట్టదని పెద్దలు వాపోని రోజు లేదు. అందులో నిజం లేకపోలేదు గానీ, నెపమంతా ఫోను మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఖాళీ స్థలాలను కట్టడాలకు, వీధులను వాహనాలకు, సాయంత్రాలను ట్యూషన్లకు అప్పగించింది పెద్దలే. 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను పిల్లల హక్కుగా గుర్తించినా, నేటికీ దాన్ని చదువు ముగిశాక దయతలచి ఇచ్చే వెసులుబాటుగానే చూస్తున్నాం.

ఈ నిర్లక్ష్యానికి పిల్లల కళ్లు మూల్యం చెల్లిస్తున్నాయి. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడపనిచ్చి చూడగా, మూడేళ్లలో వారిలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించే లోపం, వచ్చింది. ఆ అవకాశం లేని బడుల్లో ఇది 39.5 శాతమని 2015లో వెలువడిన ఫలితాలు చెబుతున్నాయి. వెలుతురును కొలిచే ప్రమాణం లక్స్. గదిలో వెలుతురు సాధారణంగా కొన్ని వందల లక్స్‌లకు మించదు. ఎండపొడలో అది పదివేలు సునాయాసంగా దాటుతుంది. ఆ వెలుగు సోకినప్పుడు కంటి వెనుక పొర రెటీనాలో విడుదలయ్యే డోపమైన్ అనే రసాయనం, హ్రస్వదృష్టికి దారితీసేలా కనుగుడ్డు అతిగా సాగకుండా అడ్డుకుంటుందని నిపుణులు భావిస్తున్నారు. పిల్లలను రోజుకు 120 నిమిషాలు బయట ఉంచాలన్న కార్యక్రమాన్ని తైవాన్ 2010లో చేపట్టాక, ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన చూపు తగ్గిన విద్యార్థుల శాతం కొన్నేళ్లకే తగ్గుముఖం పట్టింది. ఇంతటి ఫలితాన్నిచ్చే మందుకు కాసింత ఎండ, ఆరుబయలు తప్ప ఖర్చేమీ లేదు.

మట్టి సంగతీ అంతే. ఫిన్లాండ్‌లో శిశు సంరక్షణ కేంద్రాల ఆవరణల్లో అడవి నేలను, పచ్చికను పరిచి పిల్లలను ఆడుకోనిస్తే, నెల తిరగకుండానే వారి చర్మం మీది సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగి, రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే సూచికలు మెరుగుపడినట్లు 2020లో పరిశోధకులు తేల్చారు.

దెబ్బలు తగులుతాయన్న భయం తల్లిదండ్రులకు సహజమే. అయితే చెట్టెక్కుతున్న పిల్లవాణ్ని కాసేపు గమనించండి: పాదం పూర్తిగా మోపకముందే కొమ్మను మెల్లగా నొక్కి చూస్తాడు, అది కిర్రుమంటే కాలు వెనక్కి తీసుకుని మరో కొమ్మ వెతుక్కుంటాడు. ఎంత బరువు, ఎంత ఎత్తు, ఎక్కడ ఆగాలన్న లెక్క ఒళ్లు నేర్చుకునేది ఇలాగే. డెన్మార్క్ ఉద్యానవన రూపశిల్పి సోరెన్‌సెన్ అలాంటి స్వేచ్ఛనే ఇస్తూ, 1943లో కోపెన్‌హేగెన్ శివారు ఎమ్‌డ్రప్‌లో పాత చెక్కలూ ఇటుకలూ ఉంచి, తమకు నచ్చింది తామే కట్టుకోమని స్థలాన్ని పిల్లలకు విడిచిపెట్టే ఏర్పాటు చేశారు. కుర్రాళ్లను నిజంగా వెంటాడే ముప్పు కొమ్మల్లో లేదు, వీధిలో దూసుకొచ్చే వాహనాల్లో ఉంది. దాన్ని తగ్గించాల్సిన బాధ్యత పురపాలక సంస్థలదే తప్ప, ఆట మానుకోవాల్సిన పూచీ పిల్లలది కాదు.

అందుకే మేం కోరేది స్పష్టం. ఆటల పీరియడ్‌ను గణితానికి మళ్లించడాన్ని, విరామాన్ని శిక్షగా రద్దుచేయడాన్ని విద్యాశాఖలు నిషేధించాలి. నివాస వీధుల్లో వాహనాల వేగానికి కళ్లెం వేసి, సాయంత్రం కొన్ని గంటలైనా ఆ వీధులను పిల్లలకు వదలాలి. కొత్త కాలనీలకు అనుమతిచ్చేటప్పుడు, కాంక్రీటూ రబ్బరూ పరవని, మట్టీ చెట్లూ ఉన్న ఆటస్థలం నడక దూరంలో ఉంటేనే పురపాలక సంఘాలు సంతకం పెట్టాలి.