వెంకటగిరి 'సంస్థానం' గురించి ఒక సవరణ

వెంకటగిరిని బ్రిటిష్ ఏలుబడిలోని స్వదేశీ సంస్థానంగా, వెంకటగిరి రాజులపై వచ్చిన ఈ వ్యాసం పేర్కొంది. నిజానికి అది జమీందారీ. వాడుకలో మనమంతా సంస్థానమనే అంటాం కానీ, చరిత్ర రాసేటప్పుడు సంస్థానానికీ జమీందారీకీ ఉన్న ఈ తేడా చెప్పి తీరాలి. 1801లో ఆర్కాటు నవాబుతో కుదిరిన ఒప్పందంతో నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. మరుసటి ఏడాదే వెంకటగిరి, కాళహస్తి వంటి పాళెగార్లకు (సైన్యం ఉంచుకున్న స్థానిక ప్రభువులకు), వారు అంతకుముందు చేయవలసిన సైనిక సేవను పేష్కషులో, అంటే ఏటా ప్రభుత్వానికి కట్టే సొమ్ములో కలిపి, శాశ్వత సన్నదులు (హక్కు పత్రాలు) ఇచ్చారు. అంటే సైన్యం పోయింది, శిస్తు వసూలు హక్కు మిగిలింది. ఒప్పందం ద్వారా పాలనాధికారం నిలుపుకొని 1948లో మద్రాసు రాష్ట్రంలో విలీనమైన బనగానపల్లె సంస్థానానికీ, కంపెనీ చట్టాలకూ కోర్టులకూ లోబడిన వెంకటగిరికీ పోలిక లేదు.

మాది పొదిలి. ఎక్కడో దక్షిణాన ఉన్న వెంకటగిరి జమీందారీలోనే మా పొదిలి, దర్శి తాలూకాలూ ఉండేవన్న సంగతి మా ఊరి పిల్లలకు తెలియకపోవడం నన్ను బాధిస్తుంది. వ్యాసంలో రాజుల దానధర్మాలు, నెల్లూరు వి.ఆర్. కళాశాల ప్రస్తావన ఉన్నాయి, అవి ఉండవలసినవే. కానీ జమీందారు ఇచ్చే పట్టా, దానికి బదులుగా రైతు రాసిచ్చే ఒప్పుకోలు పత్రమైన ముచ్చిలిక, ఈ రెంటి మధ్య నలిగిన రైతు ఊసే లేదు. జమీందారీ రైతుల హక్కులకు సంబంధించిన 1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టం, 1930లో నెల్లూరు నుంచి వెలువడిన 'జమీన్ రైతు' పత్రిక, భూమికి యజమాని రైతేనని తేల్చిన 1938 నాటి ప్రకాశం పంతులుగారి కమిటీ నివేదిక, చివరకు 1948 జమీందారీల రద్దు చట్టం లేకుండా ఈ కథ సగమే అవుతుంది. రచయిత రెండో భాగం రాయాలని కోరుతున్నాను.