దేవుళ్ల లెక్కతో సహనం తేలదు

"పలు దేవుళ్లను కొలిచేవాళ్లు మతం కోసం ఏనాడూ కొట్లాడలేదు. వాళ్లకు అన్ని దారులూ ఒకటే. ఒక్కడే దేవుడన్నవాళ్లతోనే అసహనం పుట్టింది." వరంగల్ వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట తెగ తిరుగుతోంది. రుజువుగా వేయిస్తంభాల గుడి ఫొటో తగిలిస్తున్నారు.

ఆ ఫొటో సంగతే ముందు చూద్దాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ త్రికూటాలయంలో శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ చోటిచ్చిన మాట నిజమే. కానీ అది ఆ ముగ్గురినీ ఒప్పుకునేవాళ్ల మధ్య సఖ్యత. "మీ దేవుణ్ణి నేనొప్పుకోను" అన్నవాడితో ఎలా ఉన్నారన్నదే అసలు పరీక్ష.

ఏనాడూ కొట్లాడలేదా? మన పాలకుర్తి వాడని చెప్పుకునే సోమనాథుడి పండితారాధ్య చరిత్ర తీయండి. అందులో శైవ గురువు మల్లికార్జున పండితారాధ్యుడు చందవోలులో బౌద్ధాచార్యుడితో వాదించి గెలుస్తాడు. అంతటితో ఆగదు. శిష్యులు ఆ ఆచార్యుణ్ణి చంపేస్తారు, రాజు పండితుడి కళ్లు తీయిస్తాడు. అచ్చం ఇలాగే జరిగి ఉండకపోవచ్చు. కానీ కవి దీన్ని తప్పుగా దాచలేదు, భక్తి ప్రతాపంగా పాడాడు. "ఆ శైవులకు శివుడొక్కడే దేవుడు, ఈ లెక్కలోకి రారు" అంటారేమో. అలాగైతే మీరు గీసిన గీతను మీరే చెరిపేసినట్టు.

సరే, రోమ్ చూద్దాం, అక్కడ దేవుళ్లకు కొదవలేదు. మూడో శతాబ్దంలో డేసియస్ చక్రవర్తి, అందరూ దేవతలకు బలిచ్చి అధికారుల దగ్గర చీటీ రాయించుకోవాలన్నాడు. ఆ చీటీలు కొన్ని ఈజిప్టులో దొరికాయి కూడా. 303లో మరో చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవుల చర్చీలు కూల్పించాడు, గ్రంథాలు కాల్పించాడు.

అన్ని దారులూ ఒకటే అన్నది ఇంకా తేలిక మాట. అదే నిజమైతే, తన మతాన్ని పొగుడుకుంటూ ఎదుటివాడి మతాన్ని కించపరచొద్దని అశోకుడు రాళ్ల మీద చెక్కించేవాడా?

ఇక ఒక్కడే దేవుడన్నవాళ్లు. 1323లో ఢిల్లీ సుల్తానుల సేనకు ఓరుగల్లు పడ్డాక స్వయంభూ శివాలయం నేలమట్టమైంది. కోటలో తోరణాల మధ్య విరిగిన రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి, దాన్ని ఎవరూ కడిగేయలేరు. కానీ 1492లో స్పెయిన్ రాజులు యూదులను తరిమేస్తే చేరదీసింది టర్కీ ఏలిన ఒట్టోమన్ సుల్తాను. తరిమినవాళ్లకూ, చేరదీసినవాడికీ దేవుడొక్కడే.

మన పక్కనే కాజీపేట దర్గాకు హిందువులూ వెళ్తారు. పీరీల పండుగకు చాలా ఊళ్లలో పీరీలను ఎత్తుకునేది హిందువులే. తప్పనే మౌల్వీలున్నారు, వద్దనే స్వాములూ ఉన్నారు. ఏటా పీరీలు లేస్తూనే ఉన్నాయి.