గాలిమరలు మబ్బులను తరిమేస్తున్నాయా?

"గాలిమరలు పెట్టినప్పటి నుంచి మబ్బులు చెదిరిపోయి వానలు లేవు. పోనీ ఆ కరెంటైనా నికరమా? గాలి ఆగితే గ్రిడ్ కూలుతుంది. బొగ్గు ఎలాగూ కాల్చాల్సిందే." అనంతపురం వైపు వాట్సాప్‌లో చాలాకాలంగా తిరుగుతున్న మాట ఇది.

ముందు మబ్బుల సంగతి. చూడ్డానికి ఫ్యాన్‌లా ఉంటుంది గానీ మర గాలిని విసరదు, గాలే మరను తిప్పుతుంది. రెక్క కొస ఎంత పైకి లేచినా నేల నుంచి 150 మీటర్లు, మహా అయితే 200కు కాస్త పైన. వాన కురిసే మబ్బు మందమే కిలోమీటర్లలో ఉంటుంది. ఇక్కడ ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే వాన పడడానికి కారణం పడమటి కనుమలు. నైరుతి గాలి నీళ్లన్నీ అవతలే దించేసి, వేగం మాత్రం మోసుకొస్తుంది. మరలు ఇక్కడికి వచ్చిందీ ఆ వేగం కోసమే! 1876-78 నాటి ధాత కరువుకు ఏ మర కారణం? పైగా ఉమ్మడి జిల్లాలో మరలు బాగా పెరిగాకే 2021 నవంబరులో చిత్రావతి పొంగింది, 2022 అక్టోబరులో అనంతపురం కాలనీలు మునిగాయి.

కొండ తవ్వి వేసిన రోడ్ల మట్టి చేలల్లోకి కొట్టుకొస్తోందని, మేత బీళ్లు పోయాయని ఎవరైనా అంటే అది వేరే. దానికి కంపెనీలు జవాబు చెప్పాల్సిందే.

ఇక గ్రిడ్, అంటే అన్ని ఊళ్లకూ కరెంటు మోసే లైన్ల వల. మరలో సాధారణంగా 690 వోల్టుల దగ్గర పుట్టిన కరెంటు 33 కేవీకి (కిలోవోల్టులకు) పెరిగి సబ్‌స్టేషన్ చేరుతుంది, అక్కడి నుంచి 220 కేవీ లైన్లలో కలుస్తుంది. వందల మరలు ఒక్క క్షణంలో ఆగవు. రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎంత వస్తుందో ముందే, కరెంటు ఉత్పత్తినీ వాడకాన్నీ సరిచూసే లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు అంచనా ఇస్తారు. తగ్గేలా ఉంటే బొగ్గుతో నడిచే థర్మల్‌నో, నీళ్లుంటే శ్రీశైలాన్నో పెంచుతారు. నికరం కాదన్న మాట మాత్రం నిజమే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దండిగా వస్తుంది, మిగతా నెలల్లో బాగా తగ్గుతుంది. గాలిని నమ్ముకుని థర్మల్ కేంద్రాలకు తాళం వేయలేం.

అయితే కేంద్రం ఉండడం వేరు, బొగ్గు కాలడం వేరు. 2 మెగావాట్ల మర తన సామర్థ్యంలో పావు వంతు పనిచేసినా ఏడాదికి దాదాపు 44 లక్షల యూనిట్లు. యూనిట్‌కు ముప్పావు కిలో కంటే కాస్త తక్కువ బొగ్గు వేసుకున్నా సుమారు 3 వేల టన్నుల బొగ్గు కాలకుండా మిగులుతుంది. ఇందులో కొంత కోత ఉంటుంది. థర్మల్ కేంద్రాన్ని దాని సామర్థ్యంలో దాదాపు 55 శాతం కంటే కిందికి దించడం కష్టం కాబట్టి, వానాకాలంలో వాడకం పడిపోయిన రాత్రుళ్లు ఒక్కోసారి మరలనే ఆపమంటారు. ఆ గంటలు తీసేసినా మిగిలేది వేల టన్నుల లెక్కే.