సముద్రం ఎదుట టేకు తలుపు: పీయూనా, నూనెనా?

విశాఖపట్నం పెదవాల్తేరులో సముద్రపు గాలి నేరుగా తగిలే ఇల్లు. సింహద్వారం, భోజనాల బల్ల, హాల్లో ఉయ్యాల బల్ల, మూడూ ప్లైవుడ్ కాదు, అచ్చమైన టేకు. పాత పాలిష్ గీకించారు. కొత్తగా ఏం వేయాలన్నదే తగువు. చపడా, అంటే లక్క పాలిష్‌తో, నూనె పూతతో జీవితం గడిపిన మేస్త్రి ఒకవైపు. గాజువాకలో స్ప్రే గన్‌తో పీయూ, అంటే పాలీయురెథేన్ కొట్టే ఆయన మేనల్లుడు మరోవైపు. మధ్యలో నేను, కాస్త మేస్త్రి వైపు ఒరిగి.

మేనల్లుడు: ఇందులో వాదించడానికి ఏముంది మామయ్యా? కర్ర రంధ్రాలను మూసే సీలర్ కొట్టి, పైన రెండు పూతలు పీయూ కొడితే కొన్నేళ్లు ఎవరూ ఆ తలుపు వైపు చూడనక్కర్లేదు.

మామయ్య: చూడనక్కర్లేదు అనుకుంటారనే నా భయం. ఇది తూర్పు ముఖం తలుపు. పొద్దెక్కేదాకా ఎండంతా దీని మీదే. నీ పూత అద్దంలా ఉంటుంది కనుక ఎండ దాన్ని దాటి కర్ర పైపొరను తినేస్తుంది. కింద కర్రే పొడిగా రాలుతుంటే పూత దేన్ని పట్టుకుని నిలబడుతుంది? పొలుసులుగా లేస్తుంది. పైన పటారం, లోన లొటారం.

మేనల్లుడు: ఇంట్లో వాడే పీయూ తెచ్చి బయట కొట్టినవాళ్ల పాపాన్ని నాకు అంటగట్టకండి. బయటికి వేరే రకం ఉంది, ఎండను పీల్చుకునే రసాయనం అందులో కలిపి ఉంటుంది. పీయూ గట్టిపడటానికి కలిపే హార్డెనర్లలోనూ పసుపెక్కేది, ఎక్కనిది అని రెండున్నాయి. డబ్బా మీద రాసింది చదివితే తెలుస్తుంది.

మామయ్య: చదివే తెచ్చావనుకో. ఆ రసాయనమూ ఎండకు ఖర్చవుతూనే ఉంటుంది. అది అయిపోయి, ఒక మూల పొలుసు లేచింది. అప్పుడేం చేస్తావు?

మేనల్లుడు: ఆ పలకంతా గీకి మళ్లీ కొట్టాలి.

మామయ్య: అదీ సంగతి. గట్టిపడ్డాక పీయూ థిన్నర్‌కు కూడా కరగదు. కొత్త కోటు పాత కోటులో కలవదు. గోటితో పోయేదానికి గొడ్డలి! నూనె పట్టించిన తలుపు వెలిసిందనుకో, తుడిచి, సన్నని శాండ్ పేపరుతో కర్ర రేఖల వెంబడి రుద్ది, మళ్లీ నూనె పెడితే సరి. మేస్త్రితో కూడా పని లేదు.

మేనల్లుడు: ఏ నూనె? అవిసె నూనేగా? గాలిలో తేమ 70 శాతం దాటే రోజులే ఎక్కువగా ఉన్న ఈ ఊళ్లోనా? అవిసె నూనె బూజుకు విందు భోజనం. వానలు వెళ్లేసరికి తలుపు నిండా నల్ల చుక్కలు. పచ్చి నూనె అయితే వారాల తరబడి ఆరదు. ఈలోగా రోడ్డు మీది దుమ్మంతా దాని మీదే.

ఈ మాటలో మేనల్లుడిదే పైచేయి. ‘సహజం’ అన్న మాట కనబడగానే డబ్బా కొనేసేవాళ్లు బూజుకూ ఆ సహజమైన నూనే ఇష్టమని గుర్తుపెట్టుకోవాలి.

మామయ్య: పచ్చి నూనె పెట్టమని నేనన్నానా? బయటి తలుపుకు టంగ్ నూనె, టంగ్ చెట్టు గింజల నుంచి తీసేది. బూజుకు అది అంత లొంగదు. పల్చగా రాసి, పావుగంట ఆగి, కర్ర తాగగా మిగిలినదంతా పొడి గుడ్డతో తుడిచెయ్యాలి. తుడవని నూనే జిగురై దుమ్మును పట్టుకుంటుంది.

మేనల్లుడు: తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేస్తే? నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని ఆరుతుంది, ఆ క్రమంలో వేడి పుడుతుంది. ఉండలో వేడి పోయే దారి లేక వాటంతట అవే అంటుకుంటాయి. అగ్గిపుల్లతో పని లేదు.

మామయ్య: నేను విడివిడిగా తీగ మీద ఆరేస్తాను, లేదంటే నీళ్ల బకెట్లో ముంచుతాను. మరి మీ సంగతి? మీ హార్డెనర్‌లో ఉండేవి ఐసోసైనేట్లనే ఘాటు రసాయనాలు. మీ కుర్రాళ్లేమో ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని గన్ను పడతారు. ఆ తుంపర పీల్చి ఒకసారి ఉబ్బసం పట్టుకుందంటే తర్వాత కాస్త వాసన తగిలినా ఊపిరి ఆడదు.

మేనల్లుడు దీనికి బదులివ్వలేదు. ఆవిరిని ఆపే అసలైన మాస్కు, గాలి బాగా ఆడే చోటు. ఇవి లేకుండా ఇళ్లలో పీయూ కొట్టించడం నాకు సమ్మతం కాదు, కూలి ఎంత కలిసివచ్చినా సరే.

మేనల్లుడు: సరే, బల్ల సంగతికి వద్దాం. దానికీ మీ చపడాయేనా?

మామయ్య: ఎందుకు కాకూడదు? ఏటికొప్పాక బొమ్మను చూడు. అంకుడు కర్ర, దాని మీద లక్క. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నా చపడా కూడా ఆ లక్కే, స్పిరిట్‌లో కరిగించి పట్టిస్తాం. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు పనికొచ్చినది బల్లకు పనికిరాదా?

మేనల్లుడు: ఆ బొమ్మకు లక్క ఎలా ఎక్కుతుందో మీరే చెప్పండి. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. అంటే వేడికి కరిగేదేగా! దాని మీద పొగలు కక్కే సాంబారు గిన్నె పెడితే? తెల్లటి వలయం. సబ్బు నీళ్లతో రోజూ తుడిస్తే మెరుపు పోతుంది. మీ సాక్షి నా తరఫున మాట్లాడుతున్నాడు మామయ్యా.

మామయ్య: (నవ్వి) బల్ల నీదే, తీసుకో. కానీ ఒక మాట. ఇన్నాళ్లూ దాని మీద ఉన్నది నేను పెట్టిన చపడా. అందులో మైనం ఉంటుంది. రేఖల సందుల్లో ఏ కాస్త మిగిలినా పీయూ పట్టు దొరకక ఊడుతుంది.

మేనల్లుడు: ఉత్త కర్ర తేలేదాకా గీకాం. టేకులో సహజంగా ఉండే జిడ్డు కోసం కోటు వేసే ముందు థిన్నర్‌తో తుడుస్తాను. ముసురు పట్టిన రోజున గన్ను ముట్టను. తేమ తగిలితే హార్డెనర్ కార్బన్ డయాక్సైడ్ వదిలి పూతలో బుడగలు లేస్తాయి.

ఉయ్యాల బల్ల మీద తగువే లేదు. ఎండ పడదు, గిన్నెలు పెట్టరు. అది చపడాకే. మేస్త్రి చెయ్యి చూడాలనిపించేది ఇక్కడే: పాత నూలు గుడ్డలో దూది చుట్టిన ముద్దను చపడాలో తడిపి, పైన ఒక్క చుక్క నూనె వేసి, గుండ్రంగా తిప్పుతూ పోతాడు. చెయ్యి ఒక్క క్షణం ఆగినా ముద్ద అంటుకుని మచ్చ పడుతుంది. అందుకే బల్ల అంచు దాటాక గాని చెయ్యి ఎత్తడు.

ఇక మిగిలింది తలుపు. మేస్త్రి కూర్చుని అడుగు అంచు కింద వేలు పోనిచ్చాడు. తీసి చూపిస్తే వేలి కొసకు నల్లటి పొడి, రెండు నార పోగులు.

మామయ్య: చూశావా? ముందు వైపు ఎన్ని కోట్లు పడ్డాయో గానీ ఇక్కడ ఒక్కటీ పడలేదు. నిలువు చెక్కల కోసిన మొనలు ఇవి. నీళ్లు తాగేదంతా ఈ మొనల్లోంచే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో తలుపులు ద్వారబంధాల్లో బిగుసుకుపోయింది ఇందుకే.

మేనల్లుడు: పీయూ అయినా, నూనె అయినా తేమను పూర్తిగా ఆపదని నాకూ తెలుసు, రాకపోకలను నెమ్మదింపజేస్తుంది అంతే. ఒక పక్కే పూత ఉంటే రెండో పక్క తాగి చెక్క వంగుతుంది. అడుగు అంచు, పై అంచు నాకు వదిలేయండి. మొనలు తాగినంత తాగనిచ్చి పీయూ మూడు కోట్లు పట్టిస్తాను. రెండు ముఖాలకూ మీ నూనె. కానీ ఇంటివాళ్లు ఏటా పెట్టిస్తామని మాటివ్వాలి. ఇవ్వకపోతే బయటి రకం పీయూయే నయం.

మామయ్య: వాళ్లను నేను అడుగుతాను. ముందు తలుపు బందుల నుంచి దింపించు. నీ అంచుల పని అయి, పూర్తిగా ఆరాక కబురు పెట్టు. నూనె తగిలిన చోట నీ పీయూ పట్టదు కనుక నేను తర్వాతే వస్తాను.