పుస్తకం తెరవని వీరాభిమానం

ఒక కామిక్ (బొమ్మల కథల పుస్తకం) ఆధారంగా తీసిన ‘శాండ్‌మ్యాన్’ సిరీస్ ఆఖరి ఎపిసోడ్ 2025 జూలై 31న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. వందేళ్లకొకసారి ఒక్క రోజు మామూలు మనిషిగా భూమ్మీద గడిపే మృత్యువు కథ అది. ఆ పాత్రలో నటించింది కిర్బీ హోవెల్-బాప్టిస్ట్. అంతకు నాలుగేళ్ల ముందు, 2021 మే నెలలో, డెత్ పాత్ర ఆమెకు దక్కిందని ప్రకటన రాగానే సోషల్ మీడియాలో ఆమె మీద విరుచుకుపడ్డారు. ఆమె చేసిన తప్పల్లా నల్లజాతి నటి కావడమే. అప్పటికి ఒక్క సీను బయటకు రాలేదు, ట్రైలర్ లేదు, సిరీస్ రావడానికి ఇంకా ఏడాది పైనే ఉంది. ఇప్పుడు రెండు సీజన్లూ పూర్తయ్యాయి. చూడదలచినవారికి ఆమె నటన అంతా కళ్ల ముందే ఉంది. అయినా సిరీస్ పేరెత్తితే చాలు, ‘మూలానికి ద్రోహం చేశారు’ అన్న పాత పాటే మళ్లీ వినిపిస్తోంది.

మూలం అంటున్నారు కనుక మూలం గురించే అడుగుతాం. ఆ పుస్తకం మీరు తెరిచారా?

మనసులో ఏళ్ల తరబడి నిలిచిపోయిన బొమ్మ తెర మీద మారిపోతే పాఠకుడికి కష్టంగా ఉంటుంది. నటీనటుల ఎంపిక నచ్చలేదని చెప్పే హక్కూ ప్రేక్షకుడికి ఉంది. ఆ హక్కుతో మాకు పేచీ లేదు. నటన చూసి, కథనం చూసి, నచ్చలేదని ఎంత ఘాటుగా రాసినా అది విమర్శే. మా అభ్యంతరమల్లా చదవని పుస్తకాన్ని అడ్డం పెట్టుకుని, చూడని నటిని ఒంటి రంగు చూసి తిట్టడం మీద.

ఇంగ్లిష్ రచయిత నీల్ గైమన్ రాసిన ఈ కామిక్‌ను డీసీ సంస్థ ప్రచురించింది. 1989 జనవరి సంచికగా మొదలై 1996లో 75వ సంచికతో ముగిసింది. అందులో ‘ఎండ్‌లెస్’ అనే ఏడుగురు తోబుట్టువులు ఉంటారు. విధి, మృత్యువు, స్వప్నం, వినాశం, కోరిక, నిరాశ, మతిభ్రమ. వీళ్లు దేవుళ్లు కారు, మనుషులు అసలే కారు. ఎవరు చూస్తే వారి కంటికి తగ్గ రూపంలో కనిపిస్తారు. ఇది ఎక్కడో మూలన దాచిన రహస్యం కాదు, కథకు ప్రాణమే ఇది. అయిదో సంచికలో అంగారక గ్రహవాసి ఒకడికి స్వప్నం మంటల్లో మండే తలలా కనిపిస్తాడు. తొమ్మిదో సంచికలో ఆఫ్రికా రాణి నాడా ప్రేమించే స్వప్నం నల్లని పురుషుడు. పద్దెనిమిదో సంచికలో పిల్లి దగ్గరికి నల్లపిల్లిగా వస్తాడు. పిల్లిగా మారితే ద్రోహం కానిది, అతని అక్క మృత్యువు పాత్రలో నల్లజాతి మహిళ నటిస్తే ఎలా ద్రోహమైంది? పుస్తకం తెరిచినవారెవరూ చేయలేని ఆరోపణ కదా ఇది?

ఇంకో సంగతి. కామిక్‌లో స్వప్నానికీ, మృత్యువుకీ ఉన్న తెలుపు ఏ దేశపు మనుషుల తెలుపూ కాదు. సుద్దముక్క తెలుపు, శవం మీది తెలుపు. స్వప్నం కళ్లు కళ్లలా ఉండవు, రెండు చీకటి గుంటల్లో నక్షత్రాలు మెరుస్తుంటాయి. అతని మాటలు నల్లని బుడగల్లో తెల్లటి అక్షరాలతో ఉంటాయి. సిరీస్‌లో స్వప్నం పాత్ర వేసిన టామ్ స్టరిడ్జ్‌కు ఆ సుద్ద తెలుపు పూయలేదు. మామూలు మనిషి చర్మం, మామూలు మనిషి కళ్లు. బొమ్మకు విధేయతే ముఖ్యమనుకుంటే అందరికంటే ముందు గగ్గోలు పుట్టాల్సింది ఇక్కడ. కళ్ల గురించి కొందరు నిరాశపడి ఉండొచ్చు, కానీ స్టరిడ్జ్‌ను ఎవరూ ఈ స్థాయిలో వేధించలేదు. అక్కకు మాత్రం రంగు లెక్కలు తీశారు. తమ్ముడి విషయంలో గుర్తురాని మూలం అక్క దగ్గరికొచ్చేసరికి ఎలా గుర్తొచ్చిందో చెప్పాల్సిన బాధ్యత తిట్టినవారిదే.

డిజైర్ (కోరిక) పాత్ర సంగతి మరీ అన్యాయం. తమను తాము పురుషుడిగా గానీ స్త్రీగా గానీ చెప్పుకోని మేసన్ అలెగ్జాండర్ పార్క్‌ను ఆ పాత్రకు తీసుకుంటే, ‘ఈ కాలపు పోకడలకు లొంగిపోయి పాత్రను మార్చేశారు’ అన్నారు. కామిక్‌లో డిజైర్ తొలిసారి కనిపించింది 1989లో. అప్పుడే ఆడా మగా కాని, ఆడా మగా రెండూ అయిన రూపం అది. సిరీస్ మార్చింది ఏమీ లేదు. రాసినదాన్ని రాసినట్టే తీసింది. రెండో సీజన్‌లో ఇండియా మూర్ పోషించిన ట్రాన్స్ మహిళ వాండా కూడా 1990ల మొదట్లోనే ఆ కామిక్‌లో ఉంది. ముప్పై ఏళ్లకు పైగా పుస్తకంలో ఉన్న మనుషులను నిన్న మొన్న ఎవరో తెచ్చి అతికించారని అంటున్నారంటే, ఆ పుస్తకం వీళ్ల ఇంట్లో లేదు, ఉన్నా తెరవలేదు.

మార్పులు నిజంగానే జరిగిన పాత్రలూ ఉన్నాయి. స్వప్నలోకపు గ్రంథాలయాన్ని చూసుకునే లూసియన్ కామిక్‌లో పురుషుడు. సిరీస్‌లో లూసియెన్‌గా వివియన్ అచాంపాంగ్ చేసింది. మంత్రగాడు జాన్ కాన్‌స్టాంటైన్ స్థానంలో జెన్నా కోల్‌మన్ జొహానాగా వచ్చింది. కెయిన్, ఏబెల్ అన్నదమ్ములుగా దక్షిణాసియా మూలాలున్న సంజీవ్ భాస్కర్, ఆసిమ్ చౌదరి కనిపించారు. ఈ మార్పులు కథకు మేలు చేశాయా, కీడు చేశాయా అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు. అలాంటి వాదన జరిగి ఉంటే ఈ సంపాదకీయం రాయాల్సిన పనే ఉండేది కాదు.

మన సంగతీ చెప్పుకోవాలి. తెలుగువాడికి మృత్యువు అనగానే దున్నపోతూ, పాశమూ, కైకాల సత్యనారాయణ గొంతూ గుర్తుకొస్తాయి. బొమ్మ మనసులో ఎంత బలంగా దిగబడిపోతుందో మనకు తెలియంది కాదు. కానీ మహాభారతంలో మృత్యువు ఒక స్త్రీ. బ్రహ్మ కోపాగ్ని నుంచి పుట్టింది. శాంతిపర్వంలో ఆమెది నల్లని మేను, కట్టింది ఎర్రని వస్త్రం. ప్రాణాలు తీసే పని అప్పగిస్తే ‘నా వల్ల కాదు’ అని ఏడ్చింది, తప్పించుకోవడానికి ఏళ్ల తరబడి తపస్సు చేసింది. ఆమె కన్నీళ్లను బ్రహ్మ దోసిట పట్టాడు. అవే రోగాలయ్యాయి, ప్రాణాలు తీసిన పాపం ఆమెకు అంటకుండా పోయింది. చంపడానికి మనసొప్పని మృత్యువును మన పూర్వులు ఎప్పుడో ఊహించారు. మొదటి సీజన్ ఆరో ఎపిసోడ్‌లో ఒక ముసలాయన దగ్గరికీ, ఒక పసికందు దగ్గరికీ ఒకే ఆప్యాయతతో నడిచివెళ్లే డెత్‌ను చూసినప్పుడు ఈ కథ ఎరిగిన మనిషికి ఆమె పరాయిగా అనిపించదు. విమర్శకులు, ప్రేక్షకులు ఎక్కువగా మెచ్చుకున్న ఎపిసోడ్లలో అదొకటి. దాన్ని నిలబెట్టింది ఏ నటినైతే చూడకుండానే వద్దన్నారో ఆ నటే.

ఈ రభస ఒక్క సిరీస్‌తో పోయేది కాదు. 2018లో ‘స్టార్ వార్స్’ నటి కెల్లీ మేరీ ట్రాన్ వేధింపుల మధ్య తన ఇన్‌స్టాగ్రామ్ పోస్టులన్నీ తీసేసింది. 2022లో అదే కథాలోకంలో నటించిన మోజెస్ ఇంగ్రామ్‌కు జాత్యహంకార సందేశాలు వరదలా వచ్చాయి. ఆ ఏడాదే ‘రింగ్స్ ఆఫ్ పవర్’ సిరీస్‌కు మూకుమ్మడిగా తక్కువ రేటింగ్‌లు పడుతుంటే, అమెజాన్ తన వేదిక మీద రివ్యూలను 72 గంటల పాటు ఆపి పరిశీలించాల్సి వచ్చింది. సినిమా విడుదలకు ముందే కామెంట్లు రాసే వీలును రేటింగ్ సైట్ రాటెన్ టొమాటోస్ 2019లోనే తీసేసింది. ప్రతిసారీ సాకు ఒకటే, మూలం. ప్రతిసారీ దెబ్బ తగిలేది ఒకరికే, తెల్లగా లేని నటికో నటుడికో. మూలం మీద ప్రేమే నిజమైతే అది ప్రతిసారీ ఒకే రంగు మనుషుల మీదే కోపంగా ఎందుకు మారుతోంది?

కంపెనీల లెక్కల్లో ఈ గోలకు విలువ దక్కడం మమ్మల్ని ఇంకా భయపెడుతోంది. 2022 ఆగస్టు 5న మొదటి సీజన్ వచ్చినప్పుడు తొలి మూడు రోజుల్లోనే దాన్ని దాదాపు 7 కోట్ల గంటలు చూశారు. రెండో వారంలో ఆ అంకె 12 కోట్ల గంటలు దాటింది. అయినా నెట్‌ఫ్లిక్స్ రెండో సీజన్‌కు పచ్చజెండా ఊపింది నవంబర్‌లో. ఖర్చు ఎక్కువైన సిరీస్, అంత చూసినా సరిపోకపోవచ్చని గైమనే అప్పట్లో అన్నాడు. ఒక సిరీస్ బతుకు తొలి వారాల సందడి మీద ఇంతగా ఆధారపడినప్పుడు, మొదటి రోజునే గుంపుగా వచ్చి బురద చల్లేవారి చేతికి మనమే ఆయుధం ఇచ్చినట్టు. రేపు ఒక నిర్మాత నల్లజాతి నటిని ఎంచుకునే ముందు ‘ఎందుకొచ్చిన టెన్షన్’ అని వెనకడుగు వేస్తే, ఆ నటికి కారణం కూడా తెలియదు. ఫోన్ రాదు, అంతే.

రెండో సీజన్ మరో నీడలో వచ్చింది. 2024 జూలై నుంచి పలువురు మహిళలు గైమన్ మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు చేశారు. ఆయన వాటిని ఖండించాడు. ఆ కారణంతో సిరీస్ చూడబోమన్న ప్రేక్షకులు చాలామంది ఉన్నారు. వారి నిర్ణయాన్ని మేము గౌరవిస్తాం. అందులో మనస్సాక్షి ఉంది, మరొకరు పడిన బాధకు విలువ ఇవ్వడం ఉంది. దాన్ని 2021 నాటి రంగు కోపంతో ఒక గాటన కట్టకూడదు. ఆ మహిళల మాటను తమ పాత కసికి కొత్త ముసుగుగా తొడుక్కునేవారు ఇద్దరికీ అన్యాయం చేస్తున్నారు, ఫిర్యాదు చేసినవారికీ, ఏ పాపమూ ఎరగని నటీనటులకూ.

తెలుగు పాఠకులకు ఇదంతా ఎక్కడో దూరాన జరిగిన గొడవ కాదు. ఫస్ట్ లుక్ పోస్టర్ చూసి ‘డిజాస్టర్’ అని తేల్చేయడం, హీరోయిన్ ఛాయ మీద కామెంట్లు చేయడం, బెనిఫిట్ షో పడకముందే ఒకటి రేటింగ్ కొట్టడం మన దగ్గరా చూస్తూనే ఉన్నాం. పురాణ పాత్ర వేసిన నటుడి మీద ‘మా రాముడు ఇలా ఉండడు’ అని లేచేవారిలో వాల్మీకిని గానీ మొల్లను గానీ తిరగేసినవారు ఎందరు? అక్కడి జబ్బును వేలెత్తి చూపుతూ ఇక్కడిదాన్ని అభిమానం అని పిలవడం మాకు చేతకాదు.

రేటింగ్ సైట్లు ముందు ఒక పని చేయాలి. ప్రసారం కాని సిరీస్‌కు మార్కులు వేసే దారి మూసేయాలి. చూసినవారి రేటింగును విడిగా చూపాలి. సినిమా టికెట్ కొన్నవారి రేటింగును విడిగా చూపడం 2019లోనే మొదలైంది కనుక ఇది కుదరని పనేమీ కాదు. నిర్మాణ సంస్థలు కూడా పాత్రను ప్రకటించేటప్పుడు చూపే ఉత్సాహాన్ని, ఆ నటి మీద దాడి జరిగిన రోజున ఆమె పక్కన నిలబడటంలోనూ చూపాలి.

ఇక ‘మూలం, మూలం’ అని అరిచినవారికి. ఎనిమిదో సంచిక తీయండి. అందులో అక్క వచ్చి, పార్కులో దిగులుగా పావురాలకు గింజలు వేస్తూ కూర్చున్న తమ్ముడిని చీవాట్లు పెట్టి, తన పని మీద తన వెంట తీసుకెళుతుంది. ఆ కొద్ది పేజీలూ చదివి, ఆరో ఎపిసోడ్ చూడండి. అప్పటికీ ఆమె ఒంటి రంగే కనిపిస్తే, ఇకపై మూలం పేరు ఎత్తకండి.