సగం మేకప్ కాదు అంకుల్, అది సోల్‌స్టిస్

పోయిన ఉగాది ఫంక్షన్‌లో ఫ్యాన్సీ డ్రెస్ చూసినవాళ్లకి పదకొండో నంబర్ పిల్ల గుర్తుండే ఉంటుంది. ముఖం సగం నల్లరంగు, మిగతా సగం మామూలుగా, చేతికి చుట్టుకున్న ఎల్‌ఈడీ లైట్ల తీగ. అది మా అమ్మాయే, సోల్‌స్టిస్ అనే కామిక్స్ సూపర్ హీరోయిన్ వేషంలో. యాంకరింగ్ చేస్తున్న అంకుల్ దాన్ని పైనుంచి కిందికి చూసి, "ఏంటమ్మా, మేకప్ సగంలోనే ఆగిపోయింది, మమ్మీకి టైం చాల్లేదా?" అన్నారు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆయన జోకు అది ఆ సాయంత్రానికే మర్చిపోయింది కానీ నా నవ్వు మాత్రం మర్చిపోలేదు. దీపావళికి రానని మొండికేసింది.

అది తెలుగులో ఐదు వాక్యాలు రాసుకుంది. రెండు వారాలపాటు కార్లో వల్లెవేసింది. "ళ" పలకడం కోసం మా అమ్మకి వాట్సాప్‌లో ఫోన్ చేసి మరీ నేర్చుకుంది. ఒక్క వాక్యం కూడా చెప్పకముందే మైకు పన్నెండో నంబర్ కృష్ణుడి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రోజు మొత్తం నలుగురు కృష్ణులు, ఇద్దరు ఝాన్సీలు, ఒక అల్లూరి. స్టేజీ మీద ఏడ్చేసిన బుల్లి కృష్ణుడికి ఫస్ట్ ప్రైజ్ వచ్చింది, నేను జడ్జినైనా వాడికే ఇచ్చేదాన్ని, దాని గురించి గొడవ లేదు.

గొడవ వేరే ఉంది. సర్క్యులర్‌లో "పురాణ పాత్ర లేదా సూపర్ హీరో" అని మనమే రాశాం. సూపర్ హీరో అంటే మనకి స్పైడర్‌మన్ చొక్కా వేసుకొచ్చిన మూడేళ్లవాడు, అంతే. కిరణ్ సింగ్ ఎవరో ఆ హాల్లో నాకూ మా అమ్మాయికీ తప్ప ఇంకెవరికైనా తెలుసా అని నాకు అనుమానం.

కిరణ్‌ది మన దేశమే. అమ్మానాన్నలు పురావస్తు శాస్త్రవేత్తలు. వెలుగుతో యుద్ధం చేస్తుంది, పేరు సోల్‌స్టిస్. 2011 మొదట్లో డీసీ కామిక్స్ కంపెనీ వాళ్ల వండర్ గర్ల్ ప్రత్యేక సంచికలో కనిపించి, ఆ వెంటనే టీనేజ్ సూపర్ హీరోల టీన్ టైటన్స్ జట్టులో చేరింది. అప్పటికి నేను ఎమ్మెస్ చేస్తున్నాను. డాలరు నలభై ఐదుకీ యాభైకీ మధ్య ఊగుతున్న రోజులు, ప్రతి కొనుగోలునీ రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకునే రోజులు. అయినా బుధవారం బుధవారం క్యాంపస్ పక్క కామిక్స్ షాపుకి వెళ్లేదాన్ని, ఎక్కువసార్లు తిరగేసి పెట్టేసి వచ్చేదాన్ని. గోధుమరంగు ముఖం, నల్లజుట్టు, పేరు కిరణ్, ఎవరికీ శిష్యురాలు కాదు, ఎవరికీ కంప్యూటర్ బాగుచేసి పెట్టదు, సరదాగా ఉంటుంది. ఆ పుస్తకం తిరగేసి పెట్టలేకపోయాను. మూడు డాలర్లు ఇచ్చి కొని, రూమ్మేట్లకి తెలియకుండా సూట్‌కేసులో దాచుకున్నాను.

తొమ్మిది నెలలు తిరక్కముందే రీలాంచ్. పాత టీన్ టైటన్స్ వందో సంచికతో ఆగింది, 2011 సెప్టెంబర్‌లో డీసీ ఒకేసారి 52 పుస్తకాలని ఒకటో నంబర్ నుంచి మళ్లీ మొదలుపెట్టింది. అమెరికాలో మన తెలుగు సంఘాలు ఎప్పుడు ఎందుకు చీలాయో, ఏది దేని తర్వాత పుట్టిందో, తానా ఆటా నాట్స్ నాటా వరసంతా తడుముకోకుండా చెప్పగలిగిన మీకు ఈ లెక్క అంత కష్టం కాదులెండి. కొత్త టీన్ టైటన్స్‌కి స్కాట్ లాబ్‌డెల్ కథ, బ్రెట్ బూత్ బొమ్మలు. కొత్త జట్టులో కిరణ్ ఉంది, నేను ఎగిరి గంతేశాను. పేజీ తిప్పాక ఆ గంతు ఆగిపోయింది. నోవేర్ అనే దుష్ట సంస్థ పిల్లల మీద ప్రయోగాలు చేసిందట, దాంతో కిరణ్ ఒళ్లంతా నల్లటి పొగలా, మధ్యలో వెలుగు చారలతో మారిపోయిందట. పేరు మిగిలింది, ముఖం పోయింది. ఉన్న ఒక్క మన పిల్ల మొహం గీయడానికి కూడా వాళ్లకి మనసొప్పలేదా అని ఆ రాత్రి నేను ఎంత తిట్టుకున్నానో!

న్యాయంగా చెప్పాలంటే ఆ రీలాంచ్ అంతా చెత్త కాదు. బూత్ గీసిన పరుగులూ దూకుడూ భలే ఉంటాయి, మనుషులు కాస్త సాగదీసినట్టు ఉన్నా సరే. ఊదారంగు ఇటుకల్ని గాల్లో పేర్చే బంకర్, అదే మెక్సికో కుర్రాడు మిగెల్, ఆ పుస్తకానికి దొరికిన వరం. తను స్వలింగ సంపర్కుడినని దాచుకోడు, దాని గురించి ఏడుపుగొట్టు కథా లేదు, నవ్వుతూ తిరుగుతాడు. కొత్త పాఠకులు పాత వంద సంచికలు చదవకుండానే మొదలుపెట్టగలిగారు, అదీ నిజమే. కానీ ఆ సౌకర్యం కోసం ఇంతకుముందు టైటన్సే లేరు, ఇదే మొదటి జట్టు అన్నారు చూడండి, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎందుకంటే ఆ పుస్తకం ప్రాణమంతా ఆ పాత కథలోనే ఉంది. 1964లో రాబిన్, కిడ్ ఫ్లాష్, ఆక్వాలాడ్ మొదటిసారి కలిసినప్పుడు వాళ్లు వెళ్లింది ఎక్కడికనుకున్నారు? ఒక ఊళ్లో క్లబ్ హౌస్ గురించి పిల్లలకీ పెద్దవాళ్లకీ తగువు, అది తీర్చడానికి. (ఆ తగువు మన హాల్ బుకింగ్ మీటింగుల్లో ఇంకా నడుస్తూనే ఉంది.) పెద్ద హీరోల వెనక నడిచే పిల్లలకి పెద్దవాళ్లు లేని చోటు ఒకటి దొరికింది. 1980లో రచయిత మార్వ్ వుల్ఫ్‌మన్, చిత్రకారుడు జార్జ్ పెరెజ్ దాన్ని అందుకుని స్టార్‌ఫైర్, రేవెన్, సైబోర్గ్‌లని తెచ్చారు. 1984లో డిక్ గ్రేసన్ రాబిన్ అన్న పేరు వదిలి నైట్‌వింగ్ అయ్యాడు. బ్యాట్‌మన్ ఇచ్చిన పేరు కాదది, తనకి తాను పెట్టుకున్నది. అంత ప్రయాణాన్ని చెరిపేసి "ఇదే నంబర్ వన్" అంటే ఎలా? ఆ నంబర్ వన్ కూడా నిలవలేదు, 2014లో 30వ సంచికకే ముగిసి, అదే ఏడాది మళ్లీ ఇంకో నంబర్ వన్.

చివరికి వాళ్లే ఒప్పుకోవాల్సి వచ్చింది. 2015లో మొదలైన కథలో, ఇంతకుముందు ఒక జట్టు ఉండేది, వాళ్ల జ్ఞాపకాలే చెరిగిపోయాయి అని తేల్చారు. 2016లో, రీలాంచ్‌లో మాయమైన పాత కిడ్ ఫ్లాష్ వాలీ వెస్ట్ తిరిగొచ్చి, తెలిసినవాళ్లందరి దగ్గరికీ వెళ్లి నన్ను గుర్తుపట్టండని బతిమాలతాడు. ఎవరూ గుర్తుపట్టరు. ఆఖరికి ఇక శాశ్వతంగా కనుమరుగైపోబోతుంటే అతని గురువు ఫ్లాష్, అంటే బ్యారీ అలెన్, గుర్తుపట్టి పట్టుకుంటాడు. ఆ పేజీ దగ్గర నేను ఏడ్చాను. మా ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ "కామిక్స్‌కా?" అన్నాడు.

ఈ సోదంతా సంఘం పత్రికలో ఎందుకంటారా? మన గరాజ్ స్టోరేజీలో ముగ్గుల రంగులు వెతకబోతే 1996 సావనీర్ దొరికింది. అందులో ఒక ఫొటో, పదిమంది టీనేజ్ పిల్లలు, వాళ్లే రాసుకుని వేసిన నాటిక. వాళ్లలో ఒకడు ఇప్పుడు మన ఈసీలోనే, అంటే కార్యవర్గంలోనే, ఉన్నాడు. అయినా రెండేళ్లకోసారి కమిటీ మారిన ప్రతిసారీ మన ఫ్లయర్ మీద "మొట్టమొదటి యూత్ ఫోరం" అని పడుతుంది. కొత్త లోగో, కొత్త టీషర్టు. పాత కమిటీ హయాంలో పిల్లలు ఏం మొదలుపెట్టారో అడిగే నాథుడు ఉండడు. మొన్నటి క్విజ్ పోయింది, అంతకుముందు పిల్లల న్యూస్‌లెటర్ రెండు సంచికలతో పోయింది. యూత్ వాలంటీర్లు అంటే భోజనాల దగ్గర ప్లేట్లు అందించేవాళ్లు, అంతే. స్టేజీ మీద మాత్రం పిల్లలకి మనం ఇచ్చిన వేషాలే.

నాకు ఎవరి మీదా కోపం లేదు. కొంచెం ఉంది. కానీ ఆ యాంకర్ అంకులే 2009లో నేను రెండు పెట్టెలు, ఒక ఆవకాయ జాడీతో దిగితే ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్లారు, మూడు రోజులు వాళ్లింట్లోనే ఉన్నాను. నాలుగున్నరకి అని వేసి ఆరింటికి మొదలయ్యే మన ప్రోగ్రాములంటే, మైకు "హలో హలో చెక్" అంటూ అరగంట తినేయడమంటే, లైన్లో మూడోసారి నిలబడి పులిహోర అడగడమంటే నాకు ఎంత ఇష్టమో మా ఆయనకి తెలుసు. అందుకే అడుగుతున్నాను.

ఈసారి సంక్రాంతికి పిల్లలకి పన్నెండు నిమిషాలు ఇవ్వండి. స్క్రిప్టు ఎవరూ ముందే చూడొద్దు, యాంకర్‌గా కూడా ఒక పిల్లో పిల్లాడో ఉండాలి. ఫ్లయర్ మీద "మొట్టమొదటి" అని వేయొద్దు, 1996 ఫొటో వేయండి. ముఖం సగం నల్లగా ఎందుకుందో మా అమ్మాయి చెబుతుంది: ఎడమవైపు రీలాంచ్‌కి ముందు కిరణ్, కుడివైపు తర్వాత కిరణ్. ఇంట్లో ఈ ఒక్క ముక్క చెప్పడానికి దానికి నలభై సెకన్లు పట్టింది, నేను గడియారం పెట్టి చూశాను.

అంకుల్, మీరు ముందు వరసలో కూర్చోండి. పులిహోర ప్లేటు నేనే తెచ్చిస్తాను.