స్టూడియో టబ్బు గారికి ఒక ప్రేక్షకుడి లేఖ

మహారాజశ్రీ టబ్బు గారికి,

కాజీపేట నుంచి నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం, మీరు ఏసీ స్టూడియోలో క్షేమమని తలుస్తాను. ఆదివారం మధ్యాహ్నమంతా ‘కాసేపట్లో కచ్చులూరు బోటు ప్రమాదంపై ప్రయోగం’ అని స్క్రోలింగ్ వేసి మమ్మల్ని చాయ్ హోటల్ బెంచీ మీంచి లేవనివ్వలేదు. సిమెంటు, సబ్బు, బనియన్ల యాడ్లన్నీ అయ్యాక తీరా వచ్చింది మీరు, ఒక నీళ్ల టబ్బు.

బట్టలకు పెట్టే నీలిమందు కలిపినట్టున్నారు, నీళ్లు తళతళలాడాయి. వరద గోదారి ఏనాడైనా నీలంగా ఉంటుందా సార్? కచ్చులూరు దగ్గర గోదారిలో పర్యాటకుల బోటు మునిగిన రోజు, 2019 సెప్టెంబర్ 15న, అక్కడ పారుతున్నది దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. అంటే సెకనుకు సుమారు కోటీ 40 లక్షల లీటర్లు. మీలో పట్టేది రెండు బిందెలు, అవీ కదలవు. సుడిగుండం కావాలని యాంకర్ గారు స్పూన్ తిప్పారు.

సరే, అదీ సర్దుకుందాం. ఆ పల్లీల సంగతేంటి? రెండంతస్తుల బోటని థర్మకోల్ ముక్క మీద ఇంకో ముక్క అతికించి, పైన పల్లీలు పేర్చారు. ప్రయాణికులట. స్పూన్ ఎంత తిప్పినా బోటు మునగదే! థర్మకోల్ మునుగుతుందా? అప్పుడు యాంకర్ గారు పల్లీలన్నిటినీ చూపుడు వేలితో ఒక పక్కకు నెట్టి, ‘చూశారుగా, జనం ఒక పక్కకు చేరడమే కారణం’ అని తీర్పిచ్చేశారు. నెట్టింది ఎవరండీ? జనం కదిలితే బోటు ఒరిగిందా, బోటు ఒరిగితే జనం జారారా? తేల్చాల్సిందే అది. పైగా నీళ్లలో పడ్డ పల్లీని తీసి నోట్లో వేసుకున్నాడు.

పక్క బెంచీ మీది కడిపికొండ పెద్దాయన ‘ఛానల్ మార్చు బిడ్డా’ అన్నాడు. ఆ ఊరి నుంచి 14 మంది ఆ బోటెక్కితే ప్రాణాలతో తిరిగొచ్చింది ఐదుగురే. పల్లీలు కాదు వాళ్లు. అంత వరదలో బోటును కదలనిచ్చింది ఎవరని అడగడానికి నీలో నీళ్లు చాలలేదా? మునిగిన ఆ నిజం బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు వేసి బయటికి లాగేసరికి అక్టోబర్ 22 అయింది. మీవాడు రెండు వేళ్లతో తీసి టిష్యూతో తుడిచాడు.

మళ్లీ ప్రయోగం చేయాలనిపిస్తే ఆగస్టులో ఏటూరునాగారం దగ్గర రామన్నగూడెం ఘాట్‌కు రా. ఒడ్డునే నిలబడి చూద్దువు. యాంకర్‌ను కూడా వెంట తెచ్చుకో, లైఫ్ జాకెట్ నేనే తెస్తా. పల్లీలు మాత్రం తేవద్దు.

ఇట్లు,
కాజీపేట ప్రేక్షకుడు